ఇరవై ట్యాబులు, ముప్పై ఎనిమిది మంది పిల్లలు: ఏడో తరగతి ప్రాజెక్టు డైరీ

జూన్ 20, 2024

పెట్టె వచ్చింది. మా బడిలో చదువుకుని ఇప్పుడు హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు తలా కొంత వేసుకుని కొన్న ఇరవై ట్యాబులు. అన్నీ ఒకసారి వాడినవే, ఎనిమిది అంగుళాల తెర ఉన్నవి. రెండింటికి మూల మీద గీతలు పడ్డాయి, ఒకదానికి స్పీకర్ పలకదు. మిగతావి బాగున్నాయి.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె, జిల్లా పరిషత్ హైస్కూల్. నేను లెక్కల టీచర్ని. సైన్సు పోస్టు ఖాళీగా ఉండటంతో ఏడో తరగతి సైన్సు కూడా ఈ ఏడాది నాకే వచ్చింది. తరగతిలో ముప్పై ఎనిమిది మంది. అంటే ఇద్దరికి ఒక ట్యాబు, ఒకటి మిగులు.

ట్యాబు మన రాష్ట్రంలో కొత్త వస్తువేం కాదు. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబుల పంపిణీ మొదలైంది. మరుసటి ఏడాది అదే తేదీన రెండో విడత. అవి పిల్లలతో పాటు ఇంటికి వెళ్లేవి. ఇంట్లో వాటితో ఏం చదివారో, ఎంత చదివారో టీచరుగా నాకు కనిపించేది కాదు. నేను చూడదల్చుకున్నది తరగతి గదిలో, నా కళ్లెదుట ఏం జరుగుతుందన్నది. అందుకే మూడు షరతులు పెట్టుకున్నాను: ట్యాబు బడి దాటదు, ఇంటర్నెట్ ఉండదు, రోజుకి ఒక్క పీరియడ్ మించదు. డైరీ మొదటి పేజీలో ఒక ప్రశ్న రాసుకున్నాను. నా నల్లబల్ల, వాళ్ల నోటుపుస్తకం చెప్పలేనిది ఈ ట్యాబు నాకేం చెబుతుంది?

జూన్ 27

"ఇంటర్నెట్ లేకుండా ట్యాబులతో ఏం చేస్తారమ్మా?" అని హెచ్‌ఎం గారు అడిగారు. అరచేతిలో పట్టే బోర్డు తీసి చూపించాను. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్. అందులో కోలిబ్రి అనే సాఫ్ట్‌వేర్ వేశాను. నెట్ అందని చోట్ల కోసమే లెర్నింగ్ ఈక్వాలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని తయారుచేసింది. ఉచితం, మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. ఇంట్లో నెట్ ఉన్నచోట పాఠాలూ అభ్యాసాలూ దించుకుంటే ఆ తర్వాత ఆ బోర్డే చిన్న సర్వర్. ట్యాబులు వైఫైతో దానికి కలుస్తాయి, బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే పాఠం తెరుచుకుంటుంది.

చెప్పినంత తేలిగ్గా మాత్రం జరగలేదు. బోర్డుకి ఉన్న సొంత వైఫైతో మొదలుపెడితే ఎనిమిది ట్యాబులు కలిశాయి. తొమ్మిదోది కలిపితే మొదటిది ఊడిపోయింది. ఇంట్లో మూల పడేసిన పాత రౌటర్ తెచ్చి, బోర్డుని దానికి వైరుతో కలిపాక ఇరవై నిలబడ్డాయి. ఇంకో తంటా. నెట్ లేని వైఫైకి కలిసిన ప్రతిసారీ ట్యాబు "ఇందులో ఇంటర్నెట్ లేదు, కొనసాగాలా?" అని అడుగుతుంది. పిల్ల పొరపాటున వద్దు అని నొక్కితే ఇక ఆ ట్యాబు మళ్లీ కలవదు. ఇరవై ట్యాబుల్లో ఒక్కొక్కటీ తెరిచి "అవును, మళ్లీ అడగొద్దు" అని పెట్టేసరికి రెండు సాయంత్రాలు పట్టింది.

జూలై 4

ఛార్జింగ్. ఈ ప్రాజెక్టులో చదువుకంటే ముందు నేర్చుకోవాల్సి వచ్చింది ఇదే.

ట్యాబులు పెట్టడానికి మా ఇంట్లో పళ్లాలు నిలబెట్టుకునే స్టీలు స్టాండు తెచ్చాను. పళ్లెం పట్టే సందులో ట్యాబు సరిగ్గా పట్టింది, మధ్యలో గాలి ఆడుతుంది. స్టీలు కమ్మీ గీరుకోకుండా పాత సైకిల్ ట్యూబు నిలువుగా కోసి ప్రతి కమ్మీకీ తొడిగాను. రెండు స్టాండులు, ఒక్కోదానిలో పది. వెనకవైపు గోళ్ల రంగుతో 1 నుంచి 20 దాకా నంబర్లు వేసింది మా ఆయా. ఎర్ర రంగు, మూడు నెలలైనా చెరగదని ఆమె హామీ.

పది పోర్టుల ఛార్జర్లు రెండు కొన్నాను. ఒక్కోదాని మీద మొత్తం 50 వాట్లు అని రాసి ఉంది. ట్యాబుతో వచ్చిన ఛార్జర్ మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు. పది ట్యాబులకి 100 కావాలి, వచ్చేది అందులో సగం. మోసమేం కాదు, లెక్క. ఈ లెక్క పిల్లల చేతే చేయించాను. బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు), అందేది 2 ఆంపియర్లలో సగం, అంటే గంటకి సుమారు 1,000, ఎన్ని గంటలు? ఐదు అన్నారు. గడియారం పెట్టి చూస్తే ఏడు దాటింది. "మరి రెండు గంటలు ఎటు పోయాయి టీచర్?" అని వెనక బెంచీ అబ్బాయి అడిగాడు. ట్యాబు మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. వెచ్చగా ఉంది. కొంత వేడిగా పోతుంది, చివర్లో బ్యాటరీ నెమ్మదిగా నిండుతుంది. ఇంతవరకూ తరగతిలో నోరెత్తని పిల్లవాడు వాడు.

కాబట్టి పొద్దున్నే ఛార్జింగ్‌కి పెట్టి, ట్యాబు పీరియడ్‌ని మధ్యాహ్న భోజనం తర్వాతకి మార్చాను. రాత్రి ఛార్జింగ్ పెట్టి గది తాళం వేయడం వద్దని గట్టిగా అనుకున్నాను. పాత లిథియం బ్యాటరీలు, ఎవరూ లేని గది. ఆ కలయిక నాకు ఇష్టం లేదు.

జూలై 16

మొదటి క్లాసు. పీరియడ్ నలభై ఐదు నిమిషాలు. ట్యాబులు పంచి, ఆన్ చేసి, అందరూ తమ పేరు వెతుక్కుని లోపలికి వచ్చేసరికి పంతొమ్మిది నిమిషాలు అయిపోయాయి. తిరిగి తీసుకోవడానికి ఇంకో ఏడు. మిగిలింది పంతొమ్మిది నిమిషాల చదువు. ట్యాబులతో పాఠం అన్న మాట వినగానే ఎవరూ లెక్కవేయని ఖర్చు ఇది. నల్లబల్ల మీద సుద్దతో మొదలుపెట్టడానికి అర నిమిషం చాలు.

కిటికీ వెలుగు తెర మీద పడి మూడు వరుసలకి ఏమీ కనపడలేదు. బెంచీలు అడ్డంగా తిప్పాం.

ఆగస్టు 5

పంచే పని ఆరు నిమిషాలకి దిగింది. జంటకి ఒక నంబరు, ఆ నంబరు ట్యాబు ఎప్పటికీ ఆ జంటదే. గదిలోకి వస్తూనే స్టాండు నుంచి తీసుకుంటారు. పాస్‌వర్డులు ఎత్తేసి పేరు నొక్కితే చాలేలా మార్చాను.

ఇద్దరికి ఒకటి అంటే ఎవరి చేతిలో ఉంటుంది? వేగంగా ఉన్నవాళ్ల చేతిలో. రెండు వారాలు గమనించాను. ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న తేడా కంటే, లెక్క వచ్చినవాళ్లు, రానివాళ్లు అన్న తేడాయే ఎక్కువ. రానివాళ్లు పక్క నుంచి మెడ చాపి చూస్తూ తల ఊపుతారు. అందుకే నియమం పెట్టాను: ఒకరు ట్యాబు పట్టుకుంటే ఇంకొకరు పెన్ను పట్టుకోవాలి. ఐదు ప్రశ్నలయ్యాక నేను స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడతాను, ట్యాబూ పెన్నూ చేతులు మారాలి. ప్రతి పిల్లకీ సొంత ఖాతా ఉంది కాబట్టి మారినప్పుడు పేరు కూడా మారుతుంది.

ఇంకో విషయం. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సర్వర్‌లో తేదీ తప్పుగా చూపిస్తోంది. ఈ బోర్డుకి గడియారం నడిపే సొంత బ్యాటరీ లేదు, నెట్ నుంచి సమయం తెచ్చుకుంటుంది. మాకు నెట్ లేదు. సోమవారం చేసిన అభ్యాసం పోయిన బుధవారం ఖాతాలో పడుతోంది. చేతి గడియారాల్లో వేసే బిళ్ల బ్యాటరీ లాంటిది పెట్టుకునే చిన్న గడియారం బోర్డు ఒకటి తెప్పించి తగిలించాను, సరిపోయింది. మీరూ ఇలాంటిది పెట్టుకునేట్టయితే మొదటి రోజే కొనండి.

ఆగస్టు 21

ఈ తేదీ కింద గీత గీసుకున్నాను.

భిన్నాల కూడికల మీద పది ప్రశ్నల క్విజ్ నేనే తెలుగులో తయారుచేసి ఎక్కించాను. అందులో నాలుగో ప్రశ్న 1/2 + 1/3. గంట కొట్టాక టీచర్ పేజీ తెరిచి చూస్తే ముప్పై ఎనిమిది మందిలో పదిహేడు మంది 2/5 నొక్కారు. లవాలు కూడేసి, హారాలు కూడేశారు. అంతకుముందు వారమే ఆ పాఠం అయింది. "అర్థమైందా?" అంటే "అయింది టీచర్" అని గది దద్దరిల్లేలా చెప్పినవాళ్లే.

ముప్పై ఎనిమిది నోటుపుస్తకాలు దిద్దితే ఇదే తెలుస్తుంది, నిజమే. కానీ ఐదు తరగతుల పుస్తకాలు దిద్దే టీచరుకి అది నాలుగు రోజుల తర్వాత తెలుస్తుంది, అప్పటికి దశాంశాల్లోకి వెళ్లిపోయి ఉంటాను. ఇక్కడ అరగంటలో తెలిసింది. ఎవరెవరో పేర్లతో సహా తెలిసింది. వాళ్లలో నలుగురు తరగతిలో ముందుండేవాళ్లని నేను అనుకున్నవాళ్లు.

మరునాడు ట్యాబులు స్టాండులోంచి తీయలేదు. నోటుపుస్తకంలో ఒక కాగితం చింపి పొడుగు పట్టీ చేసుకోమన్నాను. ఒకటి సగానికి మడత, ఇంకొకటి మూడు మడతలు. సగాన్ని, మూడో వంతుని పక్కపక్కన పెట్టి, "ఇప్పుడు ఇది ఎంత?" అన్నాను. కొలవడానికి రెండింటికీ సరిపడే ముక్క కావాలి కదా. ఆరు మడతల పట్టీ దాకా వాళ్లే వచ్చారు. 2/5 నొక్కిన ఒకమ్మాయి పట్టీని లేపి, "టీచర్, సగమే రెండున్నర ముక్కలు ఐదింట్లో, ఇంకా మూడో వంతు కలిపితే రెండే ఎట్టా అవుతాయి?" అంది. తన తప్పుని తనే పట్టుకుంది. శుక్రవారం అదే క్విజ్‌లో ఆ తప్పు ముగ్గురికి మిగిలింది.

సెప్టెంబరు 11

మంచి రోజుల తర్వాత ఇది రాయక తప్పదు. అభ్యాసాల్లో ఐదు సరైన జవాబులు వస్తే పూర్తయినట్టు గుర్తు పడుతుంది. ఒకబ్బాయికి ఆ గుర్తు పడింది. నేను మెచ్చుకున్నాను. తర్వాత అతని ప్రయత్నాల వరుస తెరిచి చూశాను. ఐదు సరైనవి రావడానికి నలభై ఒక్క ప్రయత్నాలు. నాలుగు జవాబుల్లో ఒకటి, అది కాకపోతే ఇంకొకటి, ఇలా నొక్కుకుంటూ పోయాడు. నోటుపుస్తకంలో ఒక్క అంకె లేదు.

తప్పు వాడిది కాదు. నొక్కడానికి ఖర్చేమీ లేనప్పుడు ఏ పిల్లవాడైనా నొక్కుతాడు. కాగితం మీద తప్పు రాస్తే కొట్టివేత కనిపిస్తుంది, ఆ కొట్టివేతలోనే నాకు వాడి ఆలోచన దొరుకుతుంది. తెర మీద తప్పు ఒక్క క్షణంలో మాయం.

మార్పులు: నాలుగింట్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు తగ్గించి, జవాబు అంకెల్లో కొట్టాల్సినవి పెంచాను. పెన్ను పట్టుకున్నవాళ్ల పుస్తకంలో లెక్క కనబడితేనే ట్యాబు పట్టుకున్నవాళ్లు కొట్టాలి. పీరియడ్ చివర ఆ పేజీని ట్యాబు కెమెరాతో ఫొటో తీసి ఉంచాలి. నాకు జవాబు సర్వర్‌లోనూ, దారి ఫొటోలోనూ దొరుకుతోంది. ఈ మూడింట్లో అన్నిటికంటే పనిచేసింది ఫొటో. అక్షరం దిద్దుకుని రాస్తున్నారు, ఫొటో బాగా రావాలని.

సెప్టెంబరు 24

సైన్సు, విద్యుత్ వలయాలు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన, ఫెట్ అనే తెర మీద చేసే ప్రయోగాలు ముందే దించి పెట్టాను. ఘటం, తీగలు, బల్బు లాగి కలుపుకోవచ్చు. తీగలో కదిలే చుక్కలు చూసి, "కరెంటు నడుస్తోంది" అని ఒకరికొకరు చూపించుకున్నారు. స్విచ్ తెరిస్తే చుక్కలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. కరెంటు బల్బు దాకా వెళ్లి ఖర్చయిపోతుందనుకునే పిల్లలకి ఇది నేను మాటలతో ఎన్నేళ్లుగానో చూపించలేకపోయిన సంగతి. ఇక్కడ ట్యాబుకి సాటి వచ్చేది నా దగ్గర ఏదీ లేదు.

తర్వాత ఒక జంట ఘటం రెండు కొసల్నీ ఒకే తీగతో కలిపింది. తెర మీద ఘటానికి మంటలు. గదంతా ఆ మంట చుట్టూ చేరింది, పది నిమిషాల్లో పంతొమ్మిది ట్యాబుల్లోనూ మంటలే. నేను గోడగడియారంలో ఉండే 1.5 వోల్టుల ఘటం, ఒక సన్నటి రాగి తీగ తెచ్చి ఇచ్చాను. రెండు కొసలూ తాకించి రెండు క్షణాలు పట్టుకోమన్నాను. "అబ్బ, కాలుతోంది!" అని వదిలేసింది మొదటి బెంచీ అమ్మాయి. మంట రాలేదు, వేడి వచ్చింది. తెర మీద మంట ఎందుకు వేశారో ఆ వేలికి తెలిసింది. ఇంట్లో ప్లగ్గుల దగ్గర ఇది ఎన్నడూ చేయకూడదని, అక్కడ ఉండేది 230 వోల్టులని మూడుసార్లు చెప్పించాను.

నవంబరు 12

సెలవుల్లో ఇలాంటి పనులు ఇతర చోట్ల ఎలా నడిచాయో చదివాను. పెరూ ప్రభుత్వం పల్లె బడుల పిల్లలకి పెద్ద ఎత్తున ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. 2012లో వచ్చిన అధ్యయనంలో లెక్కల్లో, భాషలో పిల్లల మార్కులు పెరిగినట్టు కనపడలేదు. మరోవైపు ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో గట్టి మెరుగుదల. అక్కడ పిల్లలు ఆరు నుంచి తొమ్మిదో తరగతి వాళ్లు, చాలామంది లెక్కల్లో తమ తరగతికి రెండేళ్లకి పైగా వెనకబడి ఉన్నవాళ్లు. సాఫ్ట్‌వేర్ ఎవరి స్థాయి నుంచి వాళ్లకి ప్రశ్నలు ఇచ్చింది, పక్కన మనిషి కూర్చుని చిన్న గుంపుకి చెప్పాడు కూడా.

రెండూ చదివాక నా ఏడో తరగతి జాబితా ముందేసుకున్నాను. తొమ్మిది మందికి ఇంకా భాగహారమే రాదు. వాళ్లకి భిన్నాల క్విజ్ ఇచ్చి నేను ఏం తెలుసుకుంటున్నట్టు? ఇవాళ్టి నుంచి ఆ తొమ్మిది మందికి నాలుగో తరగతి భాగహారాల దగ్గర్నుంచి వేరే వరుస పెట్టాను. ట్యాబు తెర చిన్నది కాబట్టి పక్క బెంచీకి తెలియదు, సిగ్గు లేదు. నల్లబల్ల మీద ఈ పని చేయలేను. మిగతావాళ్లు తమ అభ్యాసంలో ఉండగా నేను ఆ తొమ్మిది మంది మధ్య కింద కూర్చుంటున్నాను.

డిసెంబరు 7

ఇవాళ మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. ఒక తండ్రి లేచి, "ఇంట్లో ఫోను పట్టుకుంటే తిడుతున్నాం. బడిలో మీరే చేతికిస్తే ఎట్టాగమ్మా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆయన్ని పిలిచి కూతురి ట్యాబు చేతికిచ్చాను. యూట్యూబ్ లేదు, ఆటలు లేవు, నెట్ లేదు. ఆగస్టులో ఆ పిల్ల చేసిన లెక్కల ఫొటో, నవంబరులో చేసిన ఫొటో పక్కపక్కన చూపించాను. ఆయన చదువుకోలేదు, అయినా రెండు పేజీల తేడా ఆయనకి కనిపించింది. కాసేపు చూసి, "రాత కుదిరింది" అన్నాడు.

తల నొప్పి, కళ్లు మంట అని ఇద్దరు పిల్లలు చెప్పారు. వాళ్లని కంటి పరీక్షకి పంపితే ఒకరికి అద్దాలు పడ్డాయి. ఆ పిల్లకి నల్లబల్ల కూడా సరిగ్గా కనిపించడం లేదట, ఇన్నాళ్లూ చెప్పలేదు.

తెలుగు టైపింగ్ మాత్రం వదిలేశాను. సైన్సు జవాబు నాలుగు వాక్యాలు కొట్టడానికి ఇరవై నిమిషాలు. ఒత్తు ఎక్కడుందో, వట్రుసుడి ఎక్కడుందో వెతకడంలో జవాబు మర్చిపోతున్నారు. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకుంటున్నారు. ఆ దారిలో "ళ"కీ "ల"కీ తేడా చెదిరిపోతోంది. రాసే పని నోటుపుస్తకానిదే.

ఫిబ్రవరి 25, 2025

మిరప కోతలు. తరగతిలో పది, పన్నెండు మంది ఉండటం లేదు. కూలీ దొరికే నెలలివి, తల్లిదండ్రులతో పాటు పిల్లలు. వాళ్లని నేను తప్పుపట్టలేను.

17వ నంబరు ట్యాబు అమ్మాయి పదకొండు రోజుల తర్వాత ఇవాళ వచ్చింది. చేతివేళ్లకి మిరప ఘాటు ఇంకా పోలేదు, కళ్లు తుడుచుకోవద్దని ఆమె జంట హెచ్చరిస్తోంది. పోయినేడాది ఇలా వచ్చిన పిల్లలు చివరి బెంచీలో కూర్చుని, జరుగుతున్న పాఠం ఏమిటో తెలియక కిటికీలోంచి చూస్తూ ఉండేవాళ్లు. ఆ అమ్మాయి తన పేరు నొక్కింది. వదిలిన చోటే తెరుచుకుంది, సామాన్య సమీకరణాల్లో ఆరో ప్రశ్న. నేను ఫోనులో తీసి పెట్టిన మూడు నిమిషాల వీడియో రెండుసార్లు వింది. "టీచర్, మీ గొంతే" అంది. పీరియడ్ అయ్యేసరికి పద్నాలుగో ప్రశ్నకి వచ్చింది. పదకొండు రోజులు ఒక్క పీరియడ్‌లో పూడవు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు.

మార్చి 20

ఒంటిపూట బడులు. పదకొండింటికే రేకుల గది నిప్పుల కుంపటిలా ఉంది. ట్యాబులు వేడెక్కి ఛార్జింగ్ తమంతట తామే ఆపేస్తున్నాయి. స్టాండులని వరండాలో, కుండ పక్కన నీడకి మార్చాం. 8వ నంబరు వెనక మూత కాస్త లేచినట్టు కనిపించింది. బల్ల మీద బోర్లించి పెడితే తెర ఊగుతోంది. బ్యాటరీ ఉబ్బింది. వెంటనే పక్కన పెట్టి, ఎవరూ ముట్టకుండా టౌనులో బ్యాటరీలు తీసుకునే చోటికి పంపించాను. ఆ జంట మిగులు ట్యాబుకి మారింది. ఏడాదిలో తెరలు పగిలినవి రెండు, ఉబ్బినది ఒకటి. రెండు తెరలూ పిల్లల చేతుల్లో కాదు, నేను ఒకేసారి నాలుగు మోసుకెళ్తూ జార్చినవే. అప్పటినుంచి చేతికి రెండే.

ఏప్రిల్ 22

రేపు చివరి పని దినం. తొమ్మిది మందిలో ఆరుగురు భాగహారం దాటి భిన్నాల్లోకి వచ్చారు. ముగ్గురు రాలేదు. వాళ్లలో ఇద్దరికి అసలు ఇబ్బంది లెక్కలో కాదు, ప్రశ్న చదవడంలోనే ఉందని జనవరిలో గాని నాకు తట్టలేదు. జూన్‌లో వాళ్ల కోసం ప్రశ్నలన్నీ గొంతుతో రికార్డు చేసి పెట్టాలి. ఆ పని సెలవుల్లో నాది.

ఎండాకాలం బీరువాలో పెట్టే ముందు ట్యాబులన్నీ సగం ఛార్జింగ్‌కి తెచ్చి ఆపేయాలి. పూర్తిగా నిండినా, పూర్తిగా ఎండినా బ్యాటరీ పాడవుతుంది. సాయంత్రం ఆరుగురు పిల్లలు ఉండిపోయి ఒక్కొక్క నంబరూ చదువుతుంటే నేను రాసుకున్నాను. 1వ నంబరు 52. 2వ నంబరు 49. 5వ నంబరు 61, ఇంకా కాసేపు వాడాలి. 17వ నంబరు దగ్గర ఆ అమ్మాయి ఆగి, ఆఫ్ చేసే ముందు తన పేరు నొక్కి ఎక్కడ ఉందో చూసుకుంది. "వచ్చే ఏడాది ఎనిమిదిలో కూడా ఇదే నంబరు నాకే ఇస్తారా టీచర్?" అని అడిగింది. ఇస్తానని పుస్తకంలో ఆమె పేరు పక్కన రాశాను. 17వ నంబరు 48.